మలుపు దగ్గరి ఫూజే మానులు

పువ్వు పుయ్యని ఫెర్న్ మొక్కల్ని చూడ్డానికి డబ్బు పోసి సముద్రం దాటి వచ్చే మనుషులుంటారంటే పెటి రావీన్‌ అనే కొండ ఊళ్ళో ఇప్పటికీ సగంమంది నమ్మరు. నమ్మినవాళ్ళు జాలిపడతారు. క్లోటిల్డ నమ్ముతుంది గానీ జాలిపడదు. ఆ మనుషుల్ని కొండెక్కించి దింపే గైడు ఆవిడే. దొరసానులు నాచుపట్టిన బండ ముందు మోకాళ్ళ మీద కూలబడి "ఆహా" అంటుంటే ఆవిడ పక్కకి తిరిగి ఆవులిస్తుంది. పోనీ ఊరివాళ్ళంటే గౌరవమా అంటే, అదీ లేదు. ఊరివాళ్ళకి ఫెర్న్ అంటే పందుల దొడ్లో పరవడానికి కోసుకొచ్చే ఆకు. ఆ ఆకుకి లాటిన్‌లో ఒక పేరుందనీ, ఆ పేరు తను తడబడకుండా పలకగలననీ ఆవిడ ఏనాడూ మర్చిపోలేదు, ఎవరినీ మర్చిపోనివ్వలేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం కూడా గెస్ట్‌హౌస్ వరండాలో కుర్చీ వేసుకుని, కళ్ళు మూసుకుని ఆ పేర్లే వల్లెవేస్తోంది. బయట వాన. చెల్లెలు ఎర్మీన్ పక్కనే పీట మీద కూర్చుని గెస్ట్‌హౌస్ దుప్పట్లు మడతలు పెడుతోంది. గెస్ట్‌హౌస్‌లో వంటా వార్పూ ఎర్మీన్‌దే. గేటు చప్పుడైంది. ఎర్మీన్ మొగుడు హిల్‌రాయ్ మోకాళ్ళ దాకా బురదతో వచ్చి వరండా కిందే నిలబడ్డాడు. పైకి వస్తే నేల పాడవుతుందని క్లోటిల్డ ఎప్పుడో ఒకసారి కసురుకుంది. అప్పట్నుంచీ అతను ఎండలోనైనా వానలోనైనా అక్కడే నిలబడతాడు.

"వదినా, కొండదారి మలుపు దగ్గర బురద బాగా లోతుగా ఉంది. మెట్లు వెయ్యాలి."

"వెయ్యి. ఎవరొద్దన్నారు?"

"మానులు కావాలి కదా. ఏవి కొట్టమంటావో ఒకసారి వచ్చి గుర్తు కట్టిపోతే..."

రిజర్వు అడవిలో ఫూజే చెట్టు మీద కత్తి పడకూడదు. మనిషికి రెండింతల ఎత్తు పెరిగే ఫెర్న్ చెట్టది. దాని మాను నల్లగా, పీచు పీచుగా, వానలో ఎంత నానినా జారకుండా, ఏళ్ళ తరబడి కుళ్ళకుండా ఉంటుంది కాబట్టి దారిమెట్లకి మాత్రం కొట్టుకోవచ్చు. అదీ గైడు వచ్చి ఎర్ర రిబ్బను కట్టిన మానునే కొట్టాలి. హిల్‌రాయ్ దారిపని చేసే జట్టుకి మేస్త్రీ. గైడు గుర్తు లేకుండా అతను ఇంతవరకు ఒక్క కొమ్మ కూడా నరకలేదు.

క్లోటిల్డ కళ్ళు తెరిచింది. "ఈ వానలోనా? రేపు సాయంత్రానికి దొరలొచ్చి కూర్చుంటారు. నేను చదువుకుంటున్నాను, కనబడ్డంలా?"

"రానక్కర్లేదు వదినా. మలుపుకి పై పక్కన కొట్టాలా, కింద ఏటివైపు కొట్టాలా, అది చెప్పు చాలు. పై పక్కవి దగ్గర. కానీ వాటి నిండా ఏదో పాకి ఉంది, అందుకని..."

"హిల్‌రాయ్, ఫూజే మానంటే ఏంటో నీకు తెలుసా?"

"తెలుసు."

"మరింకేం? అడవినిండా అవే. ఏది దగ్గరుంటే అది కొట్టుకో. పాకిందట! అడవిలో మాను మీద పాకకుండా ఉంటుందా ఏమైనా?" ఆవిడ సంచిలో చెయ్యిపెట్టి ఎర్ర రిబ్బను చుట్ట తీసి అతని మీదకి విసిరింది. "నువ్వే కట్టుకో, నువ్వే కొట్టుకో. ముడి వెయ్యడానికి కూడా చదువు కావాలా?"

హిల్‌రాయ్ ఆ చుట్టని గాల్లోనే పట్టుకున్నాడు. ఒక్క క్షణం ఆవిడ వైపు చూశాడు. ఏదో అనబోయి మానుకుని, చుట్టని చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"ఏంటక్కా ఆ మాటలు?" అంది ఎర్మీన్.

"ఏమన్నానే ఇప్పుడు? నీ మొగుడు అడ్డంగా వచ్చి అడ్డమైన ప్రశ్నలన్నీ వేస్తుంటే హారతి పట్టాలా?"

ఎర్మీన్ మడతపెట్టిన దుప్పటిని మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది.

క్లోటిల్డకి ఆ వారం మనసు మనసులో లేదు. రోసో పట్నంలో కూర్చుని ఈ యాత్రలన్నీ నడిపించే కంపెనీ యజమాని గార్నెట్ ఫోన్లో ఒక మాటన్నాడు: ఈ గుంపు నవ్వుకుంటూ విమానం ఎక్కితే రిజర్వు మొత్తానికి హెడ్ గైడు నువ్వే. నెలజీతం, ఆఫీసులో కుర్చీ, కింద నలుగురు గైడులు. ఇన్నాళ్ళూ పిలిచినరోజు పని, పిలవనిరోజు పస్తు. యాభై దాటాయి, మోకాళ్ళు కొండ దిగేటప్పుడు కలుక్కుమంటున్నాయి. ఈ కుర్చీ తప్పిపోతే ఇంకో కుర్చీ రాదని ఆవిడకి తెలుసు. అందుకే ఆ గుంపు దేనికోసం వస్తోందో ఆ మొక్కని ఆవిడే వెతికి పట్టుకుంది. పోయిన ఎండాకాలం మలుపుకి పై పక్కన, మూడు ఫూజే మానుల మీద, తడిసిన కాగితంకంటే పల్చగా, వెనక వేలు పెడితే వేలి గీతలు కనిపించేంత పల్చగా పాకిన ఒక ఫెర్న్. ఈ దీవిలో అది ఇక లేదని పుస్తకాల్లో రాసేశారు. ఆవిడ ఫొటో తీసి గార్నెట్‌కి పంపింది, గార్నెట్ ఇంగ్లండులోని ఫెర్న్ సంఘానికి పంపాడు, ఇంగ్లండు గంతులేసింది. ఆ చోటు ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. చెబితే మాత్రం వీళ్ళకేం అర్థమవుతుందని ఆవిడ లెక్క. హిల్‌రాయ్ పై పక్కన అంటున్నప్పుడు ఆ మాట చెవిలో పడింది గానీ, హిల్‌రాయ్ నోటి నుంచి వచ్చిన మాట చెవి దాటి లోపలికి వెళ్ళడం ఎన్నడూ లేదు.

శనివారం సాయంత్రం వాళ్ళు దిగారు. చేతికర్ర, మెడలో తాడుకి వేలాడే భూతద్దం, మనిషిని కూడా ఆ భూతద్దంలోంచి చూసినట్టే చూసే చూపు ఉన్నావిడ వాళ్ళ నాయకురాలు, మిసెస్ ఓర్మరాడ్. వెనకాల పళ్ళ డాక్టరుగా చేసి మానేసిన థ్యూలిస్ అనే ముసలాయన. ఆయన జీపు దిగుతూనే గొడుగు జారవిడిచాడు, దాన్ని తీస్తూ కళ్ళజోడు జారవిడిచాడు. మిగతావాళ్ళందరూ ఒకే రకం టోపీలు పెట్టుకుని ఒకే రకంగా తలలూపే మనుషులు.

ఎర్మీన్ కాలలూ అనే చేమాకు పులుసు, ఉప్పుచేప వడలు, ఉడకబెట్టిన పచ్చరటికాయలు బల్లమీద పెట్టింది. వాళ్ళు ఆ పులుసుని ఫొటోలు తీసి, చల్లారబెట్టుకుని, తర్వాత చల్లారిపోయిందని మొహం పెట్టారు. మర్యాదకి క్లోటిల్డ ఆర్కిడ్ పూల మాట ఎత్తింది. మిసెస్ ఓర్మరాడ్ చెంచా కింద పెట్టింది.

"మాకు పూల మొక్కలతో పని లేదండీ. రంగు చూపించి పిలిచే జాతి అది. ఫెర్న్ అలాంటిది కాదు."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ తలలూపారు. పూలంటే చులకన అని చెప్పుకోవడానికి కూడా ఒక సంఘం పెట్టుకున్నారు చూడు అనుకుని క్లోటిల్డ లోలోపల ఎంత నవ్వుకుందో చెప్పలేం. వంటింట్లోకి వెళ్ళి ఎర్మీన్‌తో, "వీళ్ళ పెళ్ళిళ్ళకి వధువు చేతిలో గడ్డికట్ట పెడతారనుకుంటా," అంది. ఎర్మీన్ నవ్వలేదు. ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఆకాశం చిల్లు పడ్డట్టు వాన పడింది. దొరలు వరండాలో కూర్చుని తమ సంఘంలో లేనివాళ్ళందరినీ పేరుపేరునా తీసిపారేస్తూ పొద్దుపుచ్చారు.

సోమవారం తెల్లవారి వాన తెరిపిచ్చింది. బయల్దేరారు. ముందు క్లోటిల్డ, వెనక టోపీలు, అందరికంటే వెనక దేన్నో ఒకదాన్ని పారేసుకుంటూ థ్యూలిస్. ఆవిడ ఆగిన చోటల్లా ఒక పేరు పలికింది. వాళ్ళు వంగారు, భూతద్దాలు పెట్టారు, "అవును, అదే" అన్నారు. అదేనని వాళ్ళకి ముందే తెలిస్తే మరి ఇంత దూరం ఎందుకొచ్చినట్టు?

మలుపు కింద బురద ఉండాల్సిన చోట కొత్త మెట్లు వచ్చాయి. హిల్‌రాయ్ పని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది, క్లోటిల్డకి తప్ప. ఒక్కొక్క మాను ముక్కకి నేలలో సరిగ్గా సగం లోతు గాడి తవ్వి, దాంట్లో కూర్చోబెట్టి, రెండు కొసలా గట్టి కర్ర మేకులు దిగ్గొట్టి, వెనకాల ఏటి గులకరాళ్ళు దట్టించాడు. నీళ్ళు నిలవకుండా ప్రతి మెట్టూ ఒకవైపుకి వెంట్రుకవాసి వాలుగా ఉంది. కాలు పెడితే గట్టునేల మీద పెట్టినట్టే ఉంది.

"ఎంత చక్కగా వేశారు!" అంది మిసెస్ ఓర్మరాడ్ కర్రతో మెట్టుని తడుతూ. "కొత్తవా?"

"మీకోసమే. నేనే దగ్గరుండి వేయించాను," అంది క్లోటిల్డ.

పై మెట్టెక్కి మలుపు తిరిగింది. తలెత్తి చూసింది. అడవి మధ్యలో ఆకాశం కనిపిస్తోంది.

మూడు ఫూజే మానులు ఉండాల్సిన చోట మూడు మొదళ్ళు, నున్నగా, ఒకే ఎత్తున నరికి ఉన్నాయి. మూడింటికీ ఎర్ర రిబ్బను ముడులు, నీట్‌గా, ఒకే వైపుకి. మరియమ్మ తల్లీ! ఆ మానులు ఎక్కడున్నాయో ఎవరూ చెప్పనక్కర్లేదు. వాటి మీదుగానే ఇప్పుడు అందరూ ఎక్కి వచ్చారు.

"మీ ఫొటోలో మలుపు ఇదే కదా?" మిసెస్ ఓర్మరాడ్ ఫోను తీసి పోల్చి చూస్తోంది.

"కాదు కాదు. అచ్చం ఇలాగే ఉండే మలుపు ఇంకా పైనుంది," అంది క్లోటిల్డ. గొంతు ఏమాత్రం వణకలేదు. వణికితే గైడు పని ఇన్నాళ్ళు సాగేది కాదు.

థ్యూలిస్ తను ఇక ఎక్కలేనని, ఇక్కడే మెట్ల మీద కూర్చుంటానని అన్నాడు. మంచిదే, పీడ వదిలిందనుకుని ఆవిడ మిగతావాళ్ళని పైకి నడిపించింది. దారి లేని చోట దారుందంది. దొరికిన ప్రతి ఫూజే మాను దగ్గరా ఆగి, "ఇక్కడే ఎక్కడో," అంది. జోరీగలు ముసురుకున్నాయి. ఒకావిడ బూటు బురదలో ఇరుక్కుని కాలు మాత్రం బయటికి వచ్చింది. చివరికి మిసెస్ ఓర్మరాడ్ కర్ర నేలకి గుచ్చి, "క్లోటిల్డ గారూ, మనం దారి తప్పాం," అంది. దారి ఎంత మాత్రం తప్పలేదని, ఒక్కొక్క అడుగూ తెలిసే వేస్తున్నాననీ ఆవిడ చెప్పలేదు. వెనక్కి తిప్పింది.

మలుపు దగ్గరికి దిగేసరికి థ్యూలిస్ మెట్టు మీద లేడు. మెట్టు పక్కన బురదలో బోర్లా పడుకుని ఉన్నాడు. పోయాడనుకుని ఎవరో కెవ్వుమన్నారు.

"కదలకండి!" అరిచాడు ముసలాయన. "ఎక్కడివాళ్ళు అక్కడే ఆగండి! కాలు కింద పెట్టకండి!"

ఒక్కొక్కరు ఒక్కొక్క కాలు గాల్లో పెట్టుకుని ఆగిపోయారు. ఆయన మెట్టు పక్కనుంచి, మాను నేలలోకి దిగే సందులోంచి, చిటికెనవేలంత ఆకుని ఒకదాన్ని వేలితో మెల్లగా పైకెత్తి చూపించాడు. వెలుతురు ఆ ఆకులోంచి ఇవతలికి వచ్చింది. మెట్ల పక్కల్లో, నీడన, అక్కడక్కడ అది ఇంకా బతికే ఉంది. పై భాగంలో మాత్రం బూట్ల అచ్చులూ, వాటి కింద ఆకుపచ్చటి పిండీ మిగిలాయి.

మిసెస్ ఓర్మరాడ్ మెల్లగా తన బూటు ఎత్తి అడుగు చూసుకుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొక్క కోసం ఏడ్చే మనిషిని చూస్తే క్లోటిల్డకి ఎప్పుడూ కలిగే అసహ్యం ఈసారి కూడా కలిగింది గానీ, భయం దాన్ని ఎక్కువసేపు నిలవనివ్వలేదు.

"ఎవరు చేశారిది?"

"కూలీలు," అంది క్లోటిల్డ.

"మెట్లు మీరే వేయించానన్నారు."

"మెట్లు వెయ్యమన్నాను. ఇవి కొట్టమన్నానా? వాళ్ళకి మాను మానే. మొక్కేదో మోడేదో వాళ్ళకేం తెలుస్తుంది చెప్పండి?"

ఆ మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో ఆవిడకే ఆశ్చర్యమేసింది. గుంపంతా ఆ మాటని పట్టుకుంది. వాళ్ళకి తెలీదు, పాపం వాళ్ళకి తెలీదు అనుకుంటూ, మెట్ల మీద కాలు పెట్టకుండా పక్కనున్న బురదలో పడుతూ లేస్తూ కొండ దిగారు.

మిసెస్ ఓర్మరాడ్ దారిలోనే గార్నెట్‌కి ఫోను చేసింది. గెస్ట్‌హౌస్‌కి చేరేసరికి ఆ వార్త వంటింటి దాకా వచ్చేసింది. ఎర్మీన్ చేమదుంపలు చెక్కు తీస్తోంది. అక్క రాగానే కత్తి ఆపింది.

"సాయంత్రం గార్నెట్ వస్తున్నాడట. మా ఆయన్ని పిలిపించమన్నాడు."

"విన్నాను."

"నువ్వు చెప్పేస్తావు కదా అక్కా?"

"ఏం చెప్పాలి?"

"ఆయన వచ్చి అడిగాడని. నువ్వే రిబ్బను ఇచ్చావని. నేనక్కడే ఉన్నాను కదా."

"పొయ్యి మీద గిన్నె మాడుతుంది, చూసుకో," అంది క్లోటిల్డ. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని మంచం మీద కూర్చుంది. హిల్‌రాయ్ ఊరుకుంటాడా? ఎందుకూరుకుంటాడు? ఇన్నేళ్ళ కసి ఉంది కదా. వచ్చీ రాగానే అంతా కక్కేస్తాడు. పోనీ, చెప్పనీ. చదువుకున్న గైడు మాట ముందు బురదకాళ్ళ మేస్త్రీ మాట ఎంత? తను కాదంటే సరిపోతుంది. కాదని ఎలా అనాలో, ఎక్కడ నిట్టూర్చాలో, ఎక్కడ తలాడించాలో అన్నీ సరిచూసుకుంది.

పొద్దు వాలకముందే గార్నెట్ జీపు వచ్చింది. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. దొరల ముందు అతని నడుం విల్లులా వంగింది. పెరట్లో నిలబడ్డ హిల్‌రాయ్‌నీ అతని జట్టులోని ఇద్దరినీ చూసేసరికి ఆ నడుమే నిటారయింది. హిల్‌రాయ్ స్నానం చేసి, చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. తుంపర పడుతున్నా పైకి రమ్మని ఎవరూ అనలేదు.

"ఆ మానులు కొట్టింది నువ్వేనా?" అన్నాడు గార్నెట్.

"నేనే సార్."

"రిబ్బను ఎవరు కట్టారు?"

"నేనే."

"అది గైడు దగ్గర ఉండాల్సింది కదా, నీ దగ్గరికెలా వచ్చింది?"

"తీసుకున్నా."

"ఎవరినడిగి తీసుకున్నావయ్యా?"

హిల్‌రాయ్ తల దించుకుని చొక్కా అంచు సరిచేసుకున్నాడు. క్లోటిల్డ కుర్చీ చేతుల్ని పట్టుకుంది. వంటింటి గుమ్మంలో ఎర్మీన్ గరిటె పట్టుకుని నిలబడి, మొగుణ్ణి కాదు, అక్కని చూస్తోంది.

"సూటిగా అడుగుతున్నా. క్లోటిల్డని అడిగావా లేదా?"

హిల్‌రాయ్ అప్పుడు తలెత్తాడు. వరండాలో కూర్చున్న వదిన వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటుందనుకుంది ఆవిడ. కోపం లేదు. సంతలో కుళ్ళిన దుంపని తీసి పక్కన పడేసేటప్పుడు చూసే చూపు అది.

"ఆవిణ్ణా?" అని నవ్వాడు. "ఆవిణ్ణి అడిగేదేంటి సార్? ఆవిడకి అడవేం తెలుసు? పేర్లు తెలుసు. దొరలు అడిగితే చిలకలా అప్పజెబుతుంది. ఏ చెట్టు ఎక్కడుందో ఆవిణ్ణడిగి పనిచేస్తే మా పని తెల్లారినట్టే."

జట్టులోని ఇద్దరూ కిసుక్కున నవ్వారు. జీపు డ్రైవరు కూడా నవ్వాడు.

క్లోటిల్డ బతికిపోయింది. నోరు మూసుకుని కూర్చుంటే అంతటితో అయిపోయేది. కానీ డ్రైవరు నవ్వు ఆవిడ చెవుల్లో పడింది. ఒళ్ళంతా నిప్పు పెట్టినట్టయింది. నాకు అడవి తెలీదా? ఆ మొక్కని ఈ దీవి మొత్తం మీద కనిపెట్టింది ఎవరనుకుంటున్నాడు వీడు?

"నేనే చెప్పాను!" అంటూ కుర్చీలోంచి లేచింది. "శుక్రవారం వచ్చి అడిగాడు. పైనా కిందా అని కూడా అడిగాడు. నేనే దగ్గరవి కొట్టుకోమన్నాను. రిబ్బను నేనే ఇచ్చాను. ఆ మానులేవో నాకు తెలీక కాదు! అక్కడ ఏముందో నాకంటే ఎవరికి తెలుసు? నేను కదా కనిపెట్టింది!"

గార్నెట్ రెండు ఫోన్లూ ఒక చేతిలోకి మార్చుకుని, దొరల వైపు తిరిగి చిరునవ్వు నవ్వాడు.

"సొంత చెల్లెలి భర్తండీ. మా ఊళ్ళలో ఇంతే. ఇంటివాడు చెడిపోతుంటే చూస్తూ ఊరుకోలేరు."

"లేదు, నేను నిజం..."

"కూర్చో క్లోటిల్డా, కూర్చో. తెలిసే కొట్టించావా? తెలిసే కొట్టించి, వీళ్ళందరినీ పొద్దుటంతా పైకీ కిందకీ తిప్పావా?"

ఆ ప్రశ్నకి ఆవిడ దగ్గర జవాబు ఉంది. ఉన్న ఆ జవాబు ఇప్పటిదాకా చెప్పిన వాటన్నిటికంటే సిగ్గుచేటు. హిల్‌రాయ్ అడుగుతుంటే అసలు వినిపించుకోలేదని ఎలా చెప్పడం?

మిసెస్ ఓర్మరాడ్ లేచి వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "ఆ మొదళ్ళు చూసినప్పుడు మీ మొహం నేను చూశాను. అంత దుఃఖంలో కూడా ఇతన్ని కాపాడాలని చూస్తున్నారు. మీది చాలా పెద్ద మనసు."

టోపీలన్నీ ఊగాయి. థ్యూలిస్ జేబురుమాలు తీసి ముక్కు చీదుకున్నాడు.

"ఎర్మీన్!" క్లోటిల్డ దాదాపు అరిచింది. "నువ్వు విన్నావుగా, చెప్పవే!"

ఎర్మీన్ ముందుకి వచ్చింది. "అవును సార్. నేనక్కడే ఉన్నాను. అక్కే చెప్పింది. అక్కే ఇచ్చింది."

"విన్నావమ్మా, ఎందుకు వినవు?" అన్నాడు గార్నెట్. "మొగుడి కోసం మా ఆవిడైతే ఇంకా ఎక్కువే వినేది." దొరలకి ఆ మాట విప్పి చెప్పాడు. వాళ్ళు కూడా నవ్వారు, మెత్తగా, చెడ్డ ఉద్దేశం ఏమీ లేకుండా. ఎర్మీన్ మొహం ఎర్రబడింది. గరిటె పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పనులన్నీ చకచకా జరిగిపోయాయి. రేపట్నుంచి దారి మీద కాలు పెట్టొద్దని గార్నెట్ హిల్‌రాయ్‌కి చెప్పాడు. అటవీశాఖకి చెప్పకుండా వదిలేస్తున్నానంటే అది ఈవిడ మొహం చూసి అని కూడా చెప్పాడు. హిల్‌రాయ్ సరే సార్ అన్నాడు. తర్వాత గార్నెట్ దొరల ఎదురుగానే క్లోటిల్డని హెడ్ గైడు అని పిలిచాడు. చప్పట్లు కొట్టారు. మెట్ల పక్కల్లో మిగిలిన మొక్కని కాపాడే బాధ్యత ఆవిడదేనని, ఆవిడకంటే తగిన మనిషి లేదని మిసెస్ ఓర్మరాడ్ చిన్న ఉపన్యాసమే ఇచ్చింది. క్లోటిల్డ నవ్వింది. నవ్వకుండా ఎలా ఉండాలో ఆ నిమిషంలో తెలియలేదు. చప్పట్లు ఆగాక పెరట్లోకి చూస్తే అక్కడ ఎవరూ లేరు.

మంగళవారం పొద్దున్నే గుంపు వెళ్ళిపోయింది. జీపు కనుమరుగయ్యేదాకా చెయ్యూపి, క్లోటిల్డ తిన్నగా చెల్లెలి ఇంటికి నడిచింది. రాత్రంతా ఆలోచించి ఒక దారి కనిపెట్టింది. దారిపనికి మనుషుల్ని పెట్టేదీ తీసేదీ ఇక తనే. గొడవ సద్దుమణిగాక హిల్‌రాయ్‌ని మళ్ళీ పెట్టుకుంటే అడిగేదెవరు? ఎవరికీ నష్టం లేదు. ఇంత మంచి ఉపాయం ఆ ఇంట్లో ఎవరికైనా తడుతుందా అని దారిలో కాస్త ఊపిరి కూడా పీల్చుకుంది.

హిల్‌రాయ్ పెరట్లో బండ మీద కూర్చుని కత్తికి ఆకురాయితో పదును పెడుతున్నాడు. కొండ అవతల ఎవరిదో అరటితోటలో పని దొరికిందట. ఆవిడ చెప్పిందంతా చెయ్యి ఆపకుండా విన్నాడు.

"నెలో రెండు నెలలో ఓపిక పట్టు. నేనున్నాగా," అంది క్లోటిల్డ. "ఏమంటావు?"

అతను కత్తి అంచుని బొటనవేలితో అడ్డంగా తడిమి చూసుకున్నాడు. లేచి నిలబడి, నెత్తిన టోపీ తీశాడు. దొరల ముందు తప్ప అతను టోపీ తియ్యగా ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"తమ దయండీ," అని, ఇంటివైపు తిరిగి కేకేశాడు. "ఎర్మీన్! మేడమ్ గారు వచ్చారు. వరండాలో కుర్చీ వెయ్యి."

"ఏంటా వేళాకోళం?" అని నవ్వబోయింది క్లోటిల్డ. అతను నవ్వలేదు. టోపీ పెట్టుకుని, కత్తి చంకన పెట్టుకుని, గేటు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆవిడ ఎప్పట్లాగే వంటింటి వైపు నడిచింది. ఆ ఇంట్లో అక్కచెల్లెళ్ళ మాటలన్నీ పొయ్యి దగ్గరే. పీట లాక్కుని, మసిపట్టిన గిన్నెలోంచి కోకో టీ రేకు మగ్గులోకి తనే వంచుకుని తాగుతుంది. గుమ్మంలో ఎర్మీన్ ఎదురొచ్చింది, చేతిలో కుర్చీతో. పక్కకి తప్పుకోలేదు. కుర్చీని వరండాలో వేసి, నడుముకి కట్టుకున్న వంట గుడ్డతో రెండుసార్లు తుడిచింది.

"కూర్చోండి."

"ఎర్మీన్, ఏంటే ఇది? నిన్న నేను నిజం చెప్పానా లేదా? అందరి ముందూ చెప్పాను. వాళ్ళు నమ్మకపోతే నేనేం చెయ్యను?"

ఎర్మీన్ అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది. అల్మారా తెరిచిన చప్పుడు, పింగాణీ చప్పుడు వినిపించాయి. ఆ ఇంట్లో పింగాణీ బయటికి తీసేది ఫాదర్ వచ్చినప్పుడూ, ఓట్లకి వచ్చినవాళ్ళు కూర్చున్నప్పుడూ మాత్రమే. క్లోటిల్డ చేసేదేం లేక కూర్చుంది.

ఎర్మీన్ కప్పూ సాసరూ రెండు చేతులతో తెచ్చి అందించింది. ఒక అడుగు వెనక్కి వేసి, గెస్ట్‌హౌస్‌లో దొరల బల్ల పక్కన నిలబడినట్టే, చేతులు ముందు కట్టుకుని నిలబడింది. క్లోటిల్డ ఒక గుక్క తాగింది.

"చక్కెర సరిపోయిందా అండీ?" అని అడిగింది ఎర్మీన్.